పెద్దాయన చెయ్యి ఎత్తలేదు

సంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ అందులో ఒక్కొక్కటే పెడుతోంది, ఆయన మంచం రెండో చివర కూర్చుని చూస్తున్నాడు. రెండు చొక్కాలు, తువ్వాలు, పళ్ళపొడి, మోకాళ్ళకి రాసుకునే మందు, ప్రార్థన పుస్తకం. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన సంచి ఆవిడే సర్దింది గాని, సర్దుతుండగా ఆయన చూడటం ఇదే మొదటిసారేమో. ఎప్పుడూ బయట కారు ఇంజను ఆడుతూ ఉండేది, మెట్ల మీద మనుషులు అసహనంగా అటూ ఇటూ కదులుతూ ఉండేవారు, ఆయన చెయ్యి చాపితే సంచి చేతిలోకి వచ్చేది. లోపల ఏముందో ఊరుగాని ఊళ్ళో తెరిచినప్పుడే తెలిసేది. కావలసినవన్నీ ఉండేవి. ఉన్నందుకు ఆశ్చర్యపడే తీరిక ఉండేది కాదు.

"కాస్త లేవండి. మీ కింద నా శాలువా ఉంది."

"నీ శాలువా ఎందుకు?"

"తెల్లవారుజామున చలేస్తే కప్పుకుంటారు. మంత్రులకి తెలియదేమో."

ఆయన లేచాడు, ఆవిడ శాలువా లాక్కుంది, ఆయన మళ్ళీ కూర్చున్నాడు. మంత్రి కాదు, మాజీ. వీధి చివర కిరాణా కొట్టువాడు కూడా ఈమధ్య "రండి మాజీగారూ" అంటున్నాడు, ఎగతాళికి కాదు, అదే పేరనుకుని. నిన్న సాయంత్రం చిన్నాడు ఉంటున్న ఊరి నుంచి ఫోను వచ్చింది. చిన్నాడంటే ఆయన తమ్ముడు. అరవై దాటినా ఇంట్లో వాడు చిన్నాడే. ఫోను చేసింది వాడి కింది వాటాలో ఉండే దర్జీ. డాక్టరు పెదవి విరిచేశాడండి, రెండు మూడు రోజులంటున్నాడు, వదినని చూడాలంటున్నారు, అన్నయ్యని కూడా రమ్మనండి అన్నారు, కారులో మాత్రం రావద్దన్నారు, మా సందులో పట్టదు లెండి, అందుకే అనుంటారు. దర్జీ మంచివాడిలా ఉన్నాడు, "అందుకే" అన్నచోట గొంతు కాస్త తడబడింది. పదింటి బస్సుకి వస్తామని చెప్పండి అన్నాడు ఆయన. పొద్దున్నే ఇంకో ఫోను వచ్చింది. పార్టీ కార్యదర్శి, అందరూ మైకు అని పిలిచే కుర్రాడు. కుర్రాడంటే వాడికీ యాభై దగ్గరపడ్డాయి. అన్నా, ఇవాళే పెద్దల సభ, పెద్దాయన్ని కుర్చీలో మోసుకొస్తున్నాం, కారు గంటలో మీ గుమ్మంలో ఉంటుంది. దానికీ ఆయన సరే అన్నాడు. ఇన్నేళ్ళ రాజకీయంలో ఆయనకి బాగా అబ్బిన విద్య అదొక్కటే, ఎవరేమడిగినా సరే అనడం. రెండు సరేలు ఎదురెదురు పడే వేళకి ఏదో ఒకటి అడ్డుపడేది, సమ్మో, ఎన్నికో, ఎవరి చావో. ఇవాళ అడ్డుపడటానికి ఏమీ లేదు. గోడ గడియారం తొమ్మిది దాటింది. ఆవిడ రెండు ఫోన్లూ విన్నది. అటక మీద నుంచి సంచి దింపింది.

ఈ సంచి కాదు మొదటిది. మొదటిది గోనెగుడ్డ సంచి, తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండేది. పార్టీ పుట్టిన కొత్తలో పెద్దాయన పెట్టిన నియమం అది: ప్రతి కార్యకర్త ఇంట్లో తలుపు వెనక సంచి ఉండాలి, దేవుడు పిలిచినా పోలీసులు పిలిచినా వెతుక్కోకూడదు. దేవుడు అంతగా పిలవలేదుగాని పోలీసులు తరచు పిలిచారు. అప్పటికి ఆయన ప్రార్థనా మందిరం వెనక గదిలో పిల్లలకి ధర్మపాఠాలు చెప్పే పంతులు, మంచి గొంతు, ఆ గొంతు విని పెద్దాయన దగ్గరికి తీశారు. మొదటిసారి వ్యాను వచ్చినప్పుడు ఆవిడ ఈ ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. చిన్నాడు అప్పుడు ఆవిడ నడుం దాకా వచ్చేవాడు, తల్లి లేని పిల్లాడు, జుట్టు ఆవిడే కత్తిరించేది, చెవి తెగుతుందని వాడు అరుస్తుంటే ఇంకా తెగలేదురా, తెగాక అరుద్దువుగాని అనేది. ఆ రోజు వాడే సంచి మోసుకొచ్చి వ్యానులో ఆయన పక్కన పెట్టాడు. అన్నయ్యా, వదిన రొట్టె కూడా పెట్టింది, పోలీసులకి ఇవ్వకు అన్నాడు. ఒక పోలీసు నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. సన్నటి మీసం ఉండేది వాడికి, చొక్కా బొత్తాం ఒకటి ఊడి ఉండేది. జైల్లో గోడ చెమ్మ, పక్కవాడి దగ్గు, తెల్లవారుజామున అందరూ కలిసి చేసే ప్రార్థన. నిజం చెప్పాలంటే జీవితం మొత్తంలో దేవుడు బాగా దగ్గరగా ఉన్నట్టు అనిపించింది అక్కడే. ఆ తర్వాత ఆయన గదులు పెద్దవవుతూ వచ్చాయి, ఆ దగ్గరితనం సన్నగిల్లుతూ వచ్చింది. అందులో దేవుడి తప్పేం లేదు. పెద్ద గదుల్లో ఫోన్లు ఎక్కువ.

"టీ చల్లారిపోతోంది."

"తాగుతాను."

"తాగుతానంటే చల్లారడం ఆగదు."

టీ మీద తొరక కట్టింది. మైకు పొద్దున ఫోన్లో ఇంకో మాట కూడా అన్నాడు, గొంతు తగ్గించి. మీ శాఖ మీకే అన్నా, అవతలివాళ్ళతో మాట అయిపోయింది, మన ఎనిమిది సీట్లు లేందే వాళ్ళ ప్రభుత్వం నిలబడదు, మీరొచ్చి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మిగతాది పెద్దాయన చేతిలో ఉంది. చేతిలో ఉంది అనడం బాగానే నేర్చుకున్నారు. ఈ పార్టీలో ఓట్లు వేయరు, చేతులెత్తి లెక్కపెట్టుకోరు. పెద్దల సభలో ఒకరు లేచి విషయం చెప్పి ప్రశ్న అడుగుతారు. పెద్దాయన కుడిచెయ్యి ఎత్తితే వద్దని. ఎత్తకపోతే దేవుడు అడ్డు చెప్పలేదని, అంటే సరేనని. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, ఒకసారి సభలో తేలిన విషయాన్ని మళ్ళీ తిరగదోడాలంటే మొదట అడిగిన నోరే అడగాలి, ఇంకెవరూ అడగకూడదు. ప్రభుత్వంలో చేరవచ్చా అని అప్పట్లో అడిగింది ఆయన. అది కూలిపోయాక ఇక ఎన్నటికీ చేరబోం, ఇది సమ్మతమేనా అని అడిగిందీ ఆయనే. కాబట్టి ఇవాళ ఎనిమిది మంది గెలిచినవాళ్ళు, కొత్త చొక్కాలు కుట్టించుకున్నవాళ్ళు, ఈ ముసలి నోటి కోసం కారు పంపుతున్నారు. ఇన్నాళ్ళూ పండగ శుభాకాంక్షలకి కూడా ఫోను చేయనివాళ్ళు అన్నా అన్నా అంటున్నారు. ఆయన వెళ్ళకపోతే ప్రశ్న లేదు, ప్రశ్న లేకపోతే మంత్రులు లేరు. వెళ్తే జవాబు అందరికీ తెలిసిందే. తొంభై దాటిన మనిషి, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేని చెయ్యి అది. ఎలా ఎత్తుతాడు?

ఆ మొదటి సభ కూడా ఇలాగే ఎండాకాలంలోనే. మందిరం పై అంతస్తులో పొడుగాటి గది, కిటికీలకి తడిపిన తెరలు కట్టారు, పైన పంకా తిరిగితే కిర్రుమంటోంది, తిరగకపోతే ఉక్కపోత. పెద్దాయన గోడకి ఆనించిన మెత్త మీద కూర్చుని ఉన్నారు, కళ్ళు మూసుకుని. పెద్దాయన పాదాల దగ్గర చిన్నాడు. అప్పటికి చిన్నాడు పెద్దాయనకి అంతేవాసి, మందులు వేయడం, నీళ్ళందించడం, వినపడని మాట చెవిలో చెప్పడం అన్నీ వాడే. పార్టీ పదవులేవీ వద్దని అదొక్కటే అడిగి పుచ్చుకున్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. మంచి గొంతు కదా, అందుకని ప్రశ్న అడగడానికి ఆయన్నే ఎంచారు. మన ధర్మం కాపాడుకోవడానికి ప్రభుత్వంలో మన మనిషి ఉండటం మేలని సభ తలుస్తోంది, పెద్దలకి అభ్యంతరమా? పంకా కిర్రుమంది. అందరూ ఆ కుడిచేతినే చూస్తున్నారు, తొడ మీద ఉంది, వేళ్ళు కాస్త వంగి, నిద్రపోతున్న పిల్లాడి చేతిలా. అప్పుడు చిన్నాడు తలెత్తి, ఎవరికో మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా, పెద్దాయన నిద్రపోతున్నారు అన్నాడు. ఒకాయన దగ్గాడు. ఒకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. చిన్నాడు మళ్ళీ, అన్నయ్యా, నిద్రపోతున్నారు, లేచాక అడుగు అన్నాడు. అప్పుడు ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చింది, ఆలోచించి అన్నది కాదు, అలా దొర్లింది. నిద్ర కాదురా, ధ్యానం. గది మొత్తం ఒక్కసారి గాలి వదిలింది. అవును, ధ్యానం, ధ్యానం. ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోయి మెట్లు దిగి వీధిలోకి పోయింది. అబద్ధమాడానని ఆయన అనుకోలేదు. నిజమనీ అనుకోలేదు. చెప్పగా చెప్పగా రెండేళ్ళకి అది ధ్యానమే అయింది, ఇప్పుడు తలుచుకుంటే పెద్దాయన పెదవులు ప్రార్థనతో కదులుతున్నట్టు కూడా కనిపిస్తాయి. గురక మాత్రం ఎంత ప్రయత్నించినా ప్రార్థనగా మారదు. సన్నటి గురక, కుక్కపిల్లకి వచ్చేలాంటిది.

చిన్నాడు ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. తగాదా లేదు. వంటగదిలో నిలబడి అన్నం తిన్నాడు, వదినా, నేను వేరే ఊరు పోతున్నా అన్నాడు, ఎందుకురా అంటే ఇక్కడ అందరూ మేలుకునే ఉన్నారు, నాకు పనేం లేదు అన్నాడు. ఆవిడ తలుపు వెనక మేకుకున్న సంచి తీసి వాడి చేతికిచ్చింది. ఆ మర్నాడు ఆయన ప్రమాణ స్వీకారానికి వెళ్ళడానికి చెయ్యి చాపితే చేతిలోకి కొత్త తోలు సంచి వచ్చింది, వెళ్తూ వెళ్తూ పాతది ఏదీ అని అడిగిన గుర్తు. జవాబు విన్న గుర్తు లేదు.

రవాణా శాఖ. ధర్మం కాపాడటానికి వెళ్తే బస్సులిచ్చారు. బల్ల అంత పెద్దది ఆయన అంతకుముందు చూడలేదు, దాని మీద అద్దం, అద్దం కింద రూట్ల పటం, ఎర్రగీతలు నీలిగీతలు. మొదటి ఉత్తర్వు పార్టీ రాసి పంపినదే, ప్రార్థన వేళ అయితే బస్సులు ఎక్కడున్నవి అక్కడ రోడ్డు పక్కన ఆపాలి. ఆపారు. ఎండలో, వానలో, పసిపిల్లలు ఏడుస్తుంటే ఆపారు. జనం ఆయనకి ఆగే మంత్రి అని పేరు పెట్టారు. ఒక డ్రైవరు అర్జీ పట్టుకుని వచ్చి, అయ్యా, బస్సు ఆపితే ఇంజను చల్లారుతుంది గాని జనం చల్లారరండి, తిట్లు మీకు వినపడవు, నా వీపు మీద పడతాయి అన్నాడు. ఆయన నవ్వి, దేవుడి కోసం రెండు తిట్లు తినలేవా అన్నాడు. తింటానండి, దేవుడు కూడా కొంచెం పంచుకుంటే బాగుండు అన్నాడు డ్రైవరు. ఆ మనిషి మీద కోపం రాలేదు, ఉత్తర్వూ మారలేదు. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం; ఆయన పాముని నొప్పించలేదు. బస్సు ఆగినప్పుడు లోపల ఎవరైనా నిజంగా ప్రార్థన చేసుకున్నారా అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మారువేషంలో ఎక్కి చూడాలనుకున్నాడు. మంత్రికి బస్సెక్కే వీలు ఎక్కడిది?

తనకై తాను రాసిన ఉత్తర్వు ఒక్కటే. ఎవరూ అడగని బస్సు. పొద్దున పదింటికి ఈ ఊళ్ళో బయల్దేరి మధ్యాహ్నానికి చిన్నాడి ఊరు చేరి, సాయంత్రం తిరిగొచ్చేది. అధికారి నసిగాడు, ఆ దారిలో జనం లేరండి, ఖాళీగా తిరుగుతుంది. తిరగనివ్వండి అన్నాడు ఆయన. చిన్నాడికి కబురు పెట్టలేదు, పేరు చెప్పుకోలేదు. రోజూ ఒక బస్సు వాడి ఊరి నుంచి ఇటు వస్తుంది, ఏదో ఒక రోజు విసుగెత్తో, జ్వరమొచ్చో, వదిన చేతి కూర గుర్తొచ్చో ఎక్కుతాడని. చాలా సాయంత్రాలు, సమావేశం నడుస్తుండగా, ఇప్పుడు వచ్చి ఉంటుంది అనుకునేవాడు. ప్రభుత్వం పడిపోయింది, శాఖ పోయింది, ప్రార్థన ఉత్తర్వు తర్వాత వచ్చినవాడు వారంలో చింపేశాడు, ఆ బస్సు మాత్రం ఎవరూ ఆపలేదు. ఆపడం మరిచిపోయి ఉంటారు. చిన్నాడు అందులో రాలేదు. వాడు అక్కడ ప్రార్థన పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ, పెళ్ళీ పెటాకులూ లేకుండా, ఏడాదికోసారి వదినకి ఫోను చేసి బతికాడు. అన్నయ్య ఎలా ఉన్నాడు అని అడిగేవాడట. మేలుకునే ఉన్నాడు అని ఆవిడ చెప్పేదట. ఇద్దరూ నవ్వుకునేవారట. ఆ సంగతి ఆవిడ దాచలేదు, చెప్పి మరీ నవ్వింది.

"నాకు తెలుసు మీరేం ఆలోచిస్తున్నారో" అంది ఆవిడ, సంచి జిప్పు లాగుతూ. జిప్పు సగంలో పట్టేసింది.

"ఏం ఆలోచిస్తున్నాను?"

"రెండూ అవుతాయి అనుకుంటున్నారు. సభకి వెళ్ళి ఇట్టే అడిగేసి, అట్నుంచటే పోదామని."

"అవకూడదా? అడగడానికి ఎంతసేపు?"

"పోయినసారి కూడా అంతేగా. పెద్దాయన కునుకు తీసినంతసేపు." ఆవిడ జిప్పుని వెనక్కి లాగి మళ్ళీ ముందుకి లాగింది. "ఆయన నిద్రపోతే మీరు మంత్రయ్యారు. మీరు నిద్రపోక నేను ముసలిదాన్నయ్యాను. వాడికి రెండు రోజులే ఉందండి. పార్టీకి ఎన్ని రోజులున్నాయో నాకు తెలీదు, ఉంటాయి."

ఆయన మోకాళ్ళు రుద్దుకున్నాడు. అలసట మోకాళ్ళ దగ్గర మొదలై పైకి వస్తుంది ఈమధ్య, నీళ్ళలో నడుస్తున్నట్టు. పదవి పోయిన రోజున కూడా ఇలాగే వచ్చింది. సర్కారు ఇల్లు ఖాళీ చేస్తుంటే గుమ్మం ముందు పేరు పలక విప్పడానికి వచ్చిన మనిషి స్క్రూలు తుప్పుపట్టాయని ఎంతసేపో తంటాలు పడ్డాడు, ఆయన నిలబడి చూస్తూ ఉన్నాడు, చివరికి ఆ మనిషే, మీరు లోపల కూర్చోండి సార్, ఇది ఊడేసరికి సాయంత్రమవుతుంది అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఫోను మోగలేదు. మోగని ఫోను దగ్గర కూర్చోవడం ఒక ఉద్యోగమని అప్పుడు తెలిసింది. ఏరు దాటినవాళ్ళు తెప్ప తగలేస్తారు, తెలిసిందే. తెప్పకి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. తర్వాత రెండుసార్లు నిలబడ్డాడు, రెండుసార్లూ ఓడాడు, రెండోసారి డిపాజిట్టు కూడా రాలేదు. మందిరంలో ముందు వరస నుంచి మూడో వరసకి, అక్కడి నుంచి స్తంభం పక్కకి జరిగాడు. స్తంభం పక్క నుంచి పెద్దాయన కనిపించరు. అక్కడ ప్రార్థన బాగానే సాగేది. మరి ఈ పొద్దున ఫోను రెండోసారి మోగకముందే ఎందుకు అందుకున్నాడు? ఆవిడ చూసింది, చూడనట్టు పాలగిన్నె దించింది. మంత్రి పదవి మీద ఆశేనా? ఆ పెద్ద బల్ల, ఆ అద్దం, ఆ ఎర్రగీతలు? కాదు. అన్నా మీరు రాకపోతే సభే లేదు అన్నాడు మైకు. అదీ పట్టుకుంది. మీరు లేకపోతే లేదు. చిన్నాడు మాత్రం అన్నయ్యని కూడా అన్నాడు. కూడా. మొదట వదిన, తర్వాత అన్నయ్య కూడా. వెళ్తే ఏమంటాడు? వాడు ఏమీ అనడు, అదే భయం. మంచం మీద కళ్ళు మూసుకుని ఉంటాడు, అది నిద్రో కాదో తేల్చుకోలేక తను పక్కన కూర్చుని ఉండాలి. సభలో అయితే ఏం చెయ్యాలో తెలుసు. లేచి నిలబడాలి, గొంతు సవరించుకోవాలి.

బయట హారన్ మోగింది. రెండుసార్లు, మర్యాదగా.

ఆవిడ కిటికీ వైపు చూడలేదు. ఆయన లేచి వెళ్ళి తెర తొలగించి చూశాడు. నల్లకారు, కడిగి తెచ్చారు, అద్దాల మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. డ్రైవరు దిగి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు, లోపల ఎవరూ లేకపోయినా. ఎన్నాళ్ళయింది ఒక మనిషి తన కోసం తలుపు తీసి పట్టుకుని. వీధి చివరి కిరాణా కొట్టువాడు కారు దాకా వచ్చి నిలబడ్డాడు, ఎవరికో చెబుతున్నాడు, నోరు చూస్తే తెలుస్తోంది, మంత్రిగారు అంటున్నాడు.

"ఇలా చేద్దాం" అన్నాడు ఆయన, కిటికీ దగ్గర నుంచే. "నువ్వు పదింటి బస్సుకి వెళ్ళు. నిన్ను చూస్తే వాడికి ప్రాణం లేచొస్తుంది. నేను సభ కాగానే సాయంత్రానికల్లా వచ్చేస్తాను. కారు సందు చివర ఆపుకుంటాను."

ఆవిడ ఎంతో కష్టపడి మూసిన జిప్పుని మళ్ళీ తెరిచింది. ఆయన రెండు చొక్కాలూ తీసింది, మడత చెడకుండా మంచం మీద పెట్టింది. తువ్వాలు తీసింది, మోకాళ్ళ మందు తీసి దాని పక్కన పెట్టింది.

"అవి ఉండనీ, రేపటికి నాకు అక్కడ కావాలి కదా."

"బరువు" అంది ఆవిడ. "మీరు కారులో తెచ్చుకోండి."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పగలిగేవాడు, ఇన్నేళ్ళూ కోపంగా ఉన్నవాళ్ళని సముదాయించే బతికాడు. మందు రోజుకి రెండుసార్లు, తిన్నాక, అంది. పాలు కాచి మూత పెట్టాను అంది. బస్సు స్టాండు దాకా కారులో దింపుతాను, దారిలోదే కదా అంటే, పదండి, వాడు వద్దన్నది వాడి సందులోకి, బస్సు స్టాండుకి కాదుగా అంది. కారులో ఇద్దరి మధ్యా సంచి ఉంది, సగం ఖాళీగా, వంగిపోయి. డ్రైవరు అద్దంలో చూసి, అమ్మగారు కూడా సభకా సార్ అన్నాడు. కాదు నాయనా, నేను నిద్రపోయే మనిషి దగ్గరికి పోతున్నా అంది ఆవిడ. డ్రైవరు అర్థం కాక నవ్వాడు.

పదింటి బస్సు నిలబడి ఉంది. పాతబడిపోయింది, పక్కన రేకు ఊగుతోంది, లోపల నలుగురో అయిదుగురో ఉన్నారు. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి. ఆవిడ మెట్టు ఎక్కుతుంటే చెయ్యి పట్టుకోబోయాడు, ఆవిడ అప్పటికే పైనున్న కమ్మీ పట్టుకుంది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, వెళ్ళండి, వాళ్ళు ఎదురుచూస్తుంటారు అంది. ఆయన వెళ్ళాడు.

పెద్దాయన చెయ్యి ఎత్తలేదు. పార్టీ ఆ రాత్రే ప్రభుత్వంలో చేరింది, సంతకాలూ ఫొటోలూ అయ్యేసరికి తెల్లవారింది, ఆయన చిన్నాడి సందు చివర కారు దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. చిన్నాడు ఆ పొద్దున పోయాడు, వదిన పక్కనే ఉంది. చావు పనులన్నీ అయ్యాక ఆయన పద వెళ్దాం అంటే, మీరు పదండి, ఇంకా కొన్ని పుస్తకాలకి అట్టలు వేయాల్సి ఉంది, వాడు డబ్బు పుచ్చుకున్నవి అంది. ఆ పుస్తకాలు అయిపోయాక కూడా ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఆయన మనుషుల్ని పంపాడు, తను రెండుసార్లు వెళ్ళాడు, ఆవిడ టీ ఇచ్చింది, మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. వానలు ఇంకా మొదలవని ఆ మంగళవారం పొద్దున ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.